అమ్మ పనికెళ్తే బిడ్డ ఎవరి చేతుల్లో?

'వర్కింగ్ మదర్' అనగానే మనందరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది. భుజాన హ్యాండ్‌బ్యాగు, చేతిలో టిఫిను డబ్బా, గుమ్మం దగ్గర ఏడుస్తున్న పిల్లవాడు, రోడ్డు చివర కదలబోతున్న బస్సు. ఆవిడ టీచరమ్మో, బ్యాంకు ఉద్యోగో అయివుంటుంది. ఈ బొమ్మ చూసే పెద్దవాళ్ళు అంటుంటారు కదా, "మా కాలంలో ఆడవాళ్ళు ఇల్లు దాటేవారు కాదమ్మా, అందుకే పిల్లలు అంత చక్కగా పెరిగారు" అని.

ఆ మాట అన్న పెద్దావిడ అబద్ధమేమీ చెప్పడం లేదు. వాళ్ళింట్లో అలాగే జరిగి ఉంటుంది. కానీ వాళ్ళ పొలంలో ఉభాలు వేసిన ఆడవాళ్ళెవరు? వాళ్ళు కట్టుకున్న సన్నపంచెకి నూలు వడికినదెవరు? వాళ్ళ వీధిలో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మినదెవరు? వాళ్ళందరికీ పిల్లలు లేరా? ఉన్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తల్లులు ఎప్పుడూ పనిచేస్తూనే ఉన్నారు. కాకపోతే ఆ పనిని ఉద్యోగమని ఎవరూ అనలేదు.

నేను ఉద్యోగం చేయను. ఇల్లే నా పని. అందుకే నాకు ఈ చరిత్రలో ఒక ప్రశ్న మీదే ధ్యాస పోతుంది. అమ్మ పనిలో ఉన్నప్పుడు బిడ్డను ఎత్తుకున్న చెయ్యి ఎవరిది? ఆ చేతికి ఎవరైనా ఏమైనా ఇచ్చారా? ఒక్కో కాలంలో, ఒక్కో పనిలో ఈ ప్రశ్నకి ఏ జవాబు దొరికిందో వరుసగా చూద్దాం.

చింతకొమ్మకి కట్టిన చీర

వంశధార, నాగావళి, చంపావతి నీళ్ళు పారిన చోటల్లా వరి పండింది. వరి అంటే ఆడవాళ్ళ పని. దుక్కి మగవాళ్ళది. ఆకు తీయడం, ఉభాలు, కలుపు, కోత, ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ళ నడుముల మీద నడిచినవే. వానలు పడ్డాక నాటు ఆగదు. ఇంట్లో మూడు నెలల చంటిబిడ్డ ఉందని మడి ఆగదు. అందుకని బిడ్డ కూడా పొలానికి వచ్చేది. గట్టు మీద చింతకొమ్మకో తుమ్మకొమ్మకో పాతచీర ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టేవారు. పాలకి ఏడిస్తే తల్లి బురద చేతులు కడుక్కుని గట్టెక్కేది. తాగించి మళ్ళీ దిగేది.

ఆ ఉయ్యాల ఊపినది ఎవరు? నడవలేని ముసలమ్మ ఇంటి దగ్గరే ఉండిపోతుంది కాబట్టి, చాలాసార్లు ఆ ఇంటి పెద్దపిల్ల. ఏడెనిమిదేళ్ళ గుంట. తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిన ఆ పిల్ల బడికి వెళ్ళలేదు. మన అమ్మమ్మల తరంలో "నాకు చదువు రాదు తల్లీ" అన్నవాళ్ళని ఎందుకు రాదని అడిగి చూడండి. బడి దూరమన్న మాట కంటే ముందు, తమ్ముణ్ణి, చెల్లెల్ని చూసుకోవాల్సి వచ్చిందన్న మాట వస్తుంది చాలామంది నోట. తల్లి కూలికి వెళ్ళగలిగిందంటే దానికి ఖరీదు కూతురి చదువు. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ రాసి పెట్టలేదు.

దీనికి తోడు వలస. భీమిలి, కళింగపట్నం, విశాఖ రేవుల నుంచి స్టీమర్లెక్కి మన మగవాళ్ళు వేలకి వేలు రంగం వెళ్ళారు. రంగం అంటే రంగూన్. అక్కడ ఓడరేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు బాగా తక్కువ. అంటే ఇక్కడ ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి ఇంటిని, పొలాన్ని, పిల్లల్ని, అప్పుల్ని మోసింది వెనక మిగిలిన ఆడవాళ్ళే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద గొడవలు జరిగినప్పుడు, 1942లో జపాన్ సేనలు వచ్చిపడితే జనం అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరిగి వచ్చినప్పుడు, ఆ వార్త కోసం గుమ్మాల్లో ఎదురుచూసినవాళ్ళు పని మానుకుని ఎదురుచూడలేదు. పనిచేస్తూనే ఎదురుచూశారు.

ఇది పాతకథ అనుకోకండి. మన తీరంలోని జాలర్లు ఇప్పటికీ పడవ పని కోసం గుజరాత్ దాకా వెళ్తారు. అలా వెళ్ళినవాళ్ళు 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కారు. 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర విడిచిపెట్టారు. ఆ ఏడాది పైచిలుకు కాలం వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి ఆరకుండా చూసింది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు.

గనిలో తట్ట మోసిన తల్లి

మాంగనీసు తవ్వకం మన దేశంలో మొట్టమొదట మొదలైంది మన విజయనగరం ప్రాంతంలోనే, 1892లో. గరివిడి, కోడూరు వైపు వెళ్ళినవాళ్ళకి ఆ నల్లమన్ను గుట్టలు గుర్తుండే ఉంటాయి. అవి పైనుంచి తవ్వే గనులు. ఇలాంటి గనుల్లో మగవాళ్ళు తవ్వితే, తవ్విన రాయిని తట్టల్లో మోసి, పగలగొట్టి, ఏరి వేరుచేసే పని ఆడవాళ్ళది. కూలి రోజుకింత, లేదా మోసినదానికింత. బిడ్డను కన్న మర్నాటి నుంచి కూలి లేదు. కూలి కావాలంటే తట్ట ఎత్తాలి.

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళి రావాలి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పెట్టిన మొదటి సమావేశంలోనే కాన్పు గురించి ఒక ఒడంబడిక రాశారు. కాన్పుకి ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు సెలవు. ఆ రోజుల్లో జీవనానికి డబ్బు. తిరిగి పనికొచ్చాక బిడ్డకి పాలిచ్చేందుకు రోజుకి రెండుసార్లు అరగంట. నూరేళ్ళ కిందట! మన దేశంలో మొదట బొంబాయి రాష్ట్రం 1929లో ప్రసూతి సాయం చట్టం తెచ్చింది. ఆ బిల్లు చర్చకి వచ్చినప్పుడు శాసనమండలిలో దాన్ని గట్టిగా సమర్థించినవారిలో డాక్టర్ అంబేడ్కర్ ఒకరు. మన వైపు వర్తించే మద్రాసు చట్టం 1934 నాటిది. అది ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి. గనుల్లో పనిచేసే ఆడవాళ్ళకి విడిగా 1941లో చట్టం వచ్చింది.

1892 నుంచి 1941 వరకు లెక్కవేయండి. 49 ఏళ్ళు. అంటే గనిలో పనిచేసిన ఒక తల్లి, ఆమె కూతురు, ఇద్దరూ కాన్పులు అయిపోయి ముసలివాళ్ళయ్యేంత కాలం. ఆ తర్వాత కూడా చట్టం పుస్తకంలోకి రావడం ఒకటి, హాజరుపట్టీలో పేరున్న మనిషికి డబ్బు అందడం ఇంకొకటి. పేరే రాయని మేస్త్రీ దగ్గర పనిచేసే ఆమెకి ఏ చట్టమైనా ఒకటే.

పొందూరు గుమ్మాల్లో

ఇంట్లోనే ఉండి సంపాదించుకునే పని అయితే తల్లికి హాయి కదా అని మనలో చాలామంది అనుకుంటాం. ఇప్పుడు 'వర్క్ ఫ్రమ్ హోమ్' అంటున్నాం. మన జిల్లాలో అది తరతరాలుగా ఉంది. పొందూరులో.

పొందూరు ఖద్దరు పేరు వినని తెలుగువారుండరు. దాని పని తీరు మాత్రం మనలోనే చాలామందికి తెలియదు. కొండపత్తి తెస్తారు. గింజకి అంటుకుని ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకి ఉండే సన్నని పళ్ళ వరుస దువ్వెనలా పనిచేసి చెత్తంతా పోయి పీచు తిన్నగా వస్తుంది. తర్వాత చెక్కబల్ల మీద సన్నని ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. దూది ఏకుతారు. ఏకులు చుడతారు. ఆ ఏకులు ఎండిపోకుండా అరటి పట్టలో పెట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు, అంతకన్నా సన్నం కూడా తీస్తారు. ఇన్ని పనుల్లో మగ్గం దాకా వచ్చేవన్నీ దాదాపుగా ఆడవాళ్ళ చేతి పనులే. చిన్న వయసులో పట్టిన చెయ్యికి తప్ప ఆ సన్నదనం రాదంటారు.

1921లో గాంధీగారు ఈ నూలు సంగతి విని తన కొడుకు దేవదాసుని చూసి రమ్మని పొందూరు పంపారు. ఆ తర్వాత దేశమంతా ఈ ఊరి పేరు తెలిసింది. 1949లో ఇక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1955లో వినోబా భావే వచ్చి సంఘం భవనానికి శంకుస్థాపన చేశారు. ఇంత పేరు, ఇంత గౌరవం. మరి వడికిన తల్లికి?

రాట్నం ముందు కూర్చున్న తల్లి ఒక చేత్తో చక్రం తిప్పుతుంది, ఇంకో చేత్తో దారం లాగుతుంది. రెండు చేతులూ పనిలోనే. బిడ్డ పక్కనే ఉంటుంది, కానీ ఎత్తుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఎత్తుకుంటే దారం తెగుతుంది. కూలి చిలపకి ఇంత అని కాబట్టి, బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ కూలి కొంచెం తగ్గినట్టే. గని యజమానికి కనీసం హాజరుపట్టీ ఉంది. ఇక్కడ పని గంటలు లేవు, సెలవు లేదు, కాన్పు డబ్బు లేదు. తెల్లారకముందు వంట, మధ్యలో రాట్నం, మళ్ళీ వంట, మళ్ళీ రాట్నం.

ఈ సంగతి గాంధీగారికీ తోచింది. 1935లో చరఖా సంఘంలో పెద్ద చర్చ నడిచింది. వడికేవాళ్ళకి ఇస్తున్న కూలి మరీ తక్కువ, ఎనిమిది గంటలు పనిచేస్తే ఎనిమిది అణాలైనా రావాలని ఆయన అడిగారు. అలా ఇస్తే ఖద్దరు ధర పెరిగిపోతుంది, కొనేవాళ్ళుండరని మిగతావాళ్ళు భయపడ్డారు. చివరికి కూలి పెంచాలని తీర్మానించారు గానీ ఎనిమిది అణాల దాకా వెళ్ళలేదు. పొందూరు పంచె ఖరీదు చూసి 'అమ్మో' అనేటప్పుడు నాకు ఈ చర్చ గుర్తొస్తుంది. ఎనభై, తొంభై ఏళ్ళుగా అదే తగువు. కొనేవాడికి ధర ఎక్కువ, వడికిన అమ్మకి కూలి తక్కువ. అందుకే ఇప్పుడు రాట్నం ముందు కూర్చున్నవారిలో పెద్దవయసు వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. కూతుళ్ళు ఆ పనిలోకి రావడం లేదు. రాకపోవడం తప్పని నేను అనలేను.

చదువుకున్న అమ్మ

మన విజయనగరంలోనే గురజాడ అప్పారావుగారు ఆడపిల్లల బతుకుల మీద అంత గట్టిగా రాశారు. కన్యాశుల్కం మొదటిసారి 1892లో ఆడింది. మాంగనీసు తవ్వకం మొదలైన సంవత్సరమే అది! 1910లో వచ్చిన 'దిద్దుబాటు' కథలో చదువుకున్న భార్య కమలిని ఒక ఉత్తరం ముక్కతో మొగుణ్ణి దారిలో పెడుతుంది. బీఏలో ఆ కథ చదువుకున్నప్పుడు ఎంత సంబరపడ్డామో. ఇప్పుడు మళ్ళీ చదివితే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆడదాని చదువు ఇంటిని దిద్దుకోవడానికి. ఆ చదువుతో ఆమె జీతం తెచ్చుకుంటుందన్న ఊహకి ఇంకా కొంత కాలం పట్టింది.

ఆ కాలం వచ్చింది. బడిపంతులమ్మలు, నర్సులు, తపాలా ఆఫీసులు, కలెక్టరాఫీసులు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, 1979లో విజయనగరం జిల్లా. జిల్లా ఏర్పడిందంటే ఆఫీసులు, బళ్ళు, ఆసుపత్రులు పెరిగాయని అర్థం. వాటిలో ఆడవాళ్ళూ చేరారు. 1961లో కేంద్రం ప్రసూతి సదుపాయాల చట్టం తెచ్చింది. 12 వారాల సెలవు, జీతంతో. 2017లో దాన్ని మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు చేశారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట బిడ్డల గది ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని చెప్పారు.

చదువుకున్నవాళ్ళకి మాత్రం అంతా సుళువుగా వచ్చిందనుకోవద్దు. పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలనే నిబంధన విదేశాంగ శాఖ ఆడ ఉద్యోగులకి ఉండేది. సి.బి. ముత్తమ్మ కోర్టుకెక్కాక 1979లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. విమానాల్లో పనిచేసే అమ్మాయి మొదటిసారి గర్భవతి అయితే ఉద్యోగం ఊడేది. 1981లో అదీ కొట్టేశారు. అంటే మనం పుట్టే రోజులకి కూడా 'కడుపొస్తే ఇంటికి పో' అనే మాట కాగితం మీద రాసి ఉంది.

ఇక మన ఊళ్ళ సంగతి. విజయనగరంలో కాపురం, బొబ్బిలి అవతల ఎక్కడో బడి. పొద్దున్నే రెండు బస్సులు మారాలి. సెలవు అయిపోయిన మర్నాడు ఆరు నెలల బిడ్డని ఎవరి దగ్గర పెట్టాలి? ఇక్కడే అత్తగారు, అమ్మమ్మ వస్తారు కథలోకి. మన జిల్లాల్లో ఒక తరం టీచరమ్మలు ఉద్యోగం నిలబెట్టుకున్నారంటే వెనక ఒక పెద్దావిడ తన మోకాళ్ళ నొప్పులతోనే మనవణ్ణి ఎత్తుకుని తిరిగింది. ఆవిడకి జీతం లేదు, పింఛను లేదు. 'మా అత్తగారు చూసుకుంటారండీ' అనే ఒక్క మాటలో ఆ పనంతా అయిపోయింది. అత్తగారు లేనివాళ్ళు, ఉన్నా పడనివాళ్ళు ఉద్యోగాలు వదిలేశారు. అలా వదిలేసినవాళ్ళు మన వీధి వీధికీ ఉన్నారు. వాళ్ళని ఇప్పుడు మనం 'హౌస్‌వైఫ్' అంటాం.

పలాస జీడిపప్పు, పచ్చిమట్టి రోడ్లు

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కిలో కొన్నప్పుడు ప్యాకెట్టు మీద 'డబ్ల్యూ 240', 'డబ్ల్యూ 320' అని అంకెలు చూస్తాం. పౌను బరువుకి సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె చిన్నదైతే గుండు పెద్దది. ఇలా గుండు వేరు, బద్ద వేరు, పెద్దది వేరు, చిన్నది వేరు చేసేది మిషను కంటే ముందు ఆడవాళ్ళ కళ్ళు, వేళ్ళు. కాల్చిన లేదా ఉడికించిన పిక్కని కొట్టి పప్పు తీసేటప్పుడు పెంకులోంచి వచ్చే నూనె తగిలితే చర్మం కాలిపోతుంది, నల్లబడుతుంది. ఆ చేతులతోనే ఇంటికెళ్ళి బిడ్డకి అన్నం కలపాలి. కూలి చాలాచోట్ల కిలోకి ఇంత అని లెక్క. కాబట్టి బిడ్డకి జ్వరం వచ్చి ఒక పూట ఆలస్యమైతే ఆ పూట కూలి పోయినట్టే.

1948 ఫ్యాక్టరీల చట్టం ఆరేళ్ళలోపు పిల్లల కోసం ఫ్యాక్టరీలో గది, చూసుకునే మనిషి ఉండాలంది. మొదట 50 మంది ఆడవాళ్ళు దాటిన చోట అన్నారు, 1976లో దాన్ని 30కి దించారు. మంచిదే. కానీ పదిహేనుమందో, ఇరవైమందో పనిచేసే చిన్న యూనిట్టులో బిడ్డ ఆ గీతకి ఇవతలే మిగిలిపోయింది. ఆ చట్టానికి 30 అనే అంకె కావాల్సి వచ్చింది. బిడ్డకి మాత్రం ఒక్క అమ్మ చాలు కదా.

రోడ్డు పనుల్లో తట్టలు మోసే ఆడవాళ్ళ మాటా చెప్పుకోవాలి. ఢిల్లీలో నగరపాలక సంస్థ దగ్గర రోజు కూలికి పనిచేసే ఆడవాళ్ళు తమకీ కాన్పు సెలవు కావాలని పోరాడారు. పర్మనెంటు కాదు కాబట్టి ఇవ్వమన్నారు పైవాళ్ళు. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు వాళ్ళకీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. నిండుచూలాలు బరువు పని చేయకూడదన్నది పర్మనెంటు ఉద్యోగికే వర్తించే సంగతి కాదని గుర్తించడానికి స్వతంత్రం వచ్చాక 53 ఏళ్ళు పట్టింది.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మన విజయనగరం ఉంది. మరుసటి ఏడాది శ్రీకాకుళం చేరింది. ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. పని దగ్గరికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, వాళ్ళని చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి, ఆమెకీ మిగతావాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలి. చెరువు మట్టి తవ్వే పనీ, బిడ్డని చూసుకునే పనీ ఒకే కూలికి తగిన పనులని మన చట్టాల్లో ఒక చోట రాసి పెట్టారన్నమాట. ఆ వాక్యం ప్రతి ఊళ్ళోనూ అమలు జరిగి ఉంటే ఎంత బాగుండేది!

ఊసవానిపేట అమ్మాయి

ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి 12 ఏళ్ళ వయసులో అక్కడే బరువులెత్తడం మొదలుపెట్టింది. నేర్పింది కోచ్ నీలంశెట్టి అప్పన్నగారు. వెనక నిలబడింది వాళ్ళమ్మ. ఇంటి నిండా ఆడపిల్లలు, ఆడపిల్లలకి బరువులేంటని అనేవాళ్ళు ఊరి నిండా ఉన్న రోజుల్లో ఆవిడ కూతుళ్ళని వ్యాయామశాలకి పంపింది. 1994, 1995లో మల్లీశ్వరి ప్రపంచ ఛాంపియన్. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ మన జిల్లా ఆడపిల్ల.

అప్పటికే ఆమెకి పెళ్ళయింది. 2001లో కొడుకు పుట్టాడు. కాన్పయ్యాక మళ్ళీ బరువుల దగ్గరకొచ్చింది. 2002 కామన్‌వెల్త్ పోటీలకి వెళ్దామనుకునేసరికి తండ్రి పోయాడు. 2004లో ఏథెన్స్ వెళ్ళింది. నడుము నొప్పి తిరగబెట్టి అక్కడితో ఆట ఆగిపోయింది.

అప్పుడు మనమంతా ఏమన్నాం? 'పెళ్ళయ్యాక, పిల్లాడు పుట్టాక ఇంకేం ఎత్తుతుందిలే' అనలేదూ? మగ ఆటగాడు ఓడితే గాయం గురించి అడుగుతారు. తల్లి ఓడితే బిడ్డ గురించి అడుగుతారు. కానీ నాకు ఏథెన్స్ ఓటమి కంటే మూడేళ్ళ కొడుకున్న తల్లి ఒలింపిక్స్ దాకా మళ్ళీ చేరిందన్నదే పెద్ద సంగతి. పతకాల పట్టికలో దానికి గడి లేదంతే.

నలభై రెండు రోజులు

ఇక బిడ్డని ఎత్తుకునే పనినే ఉద్యోగంగా చేసే తల్లుల దగ్గరికి వద్దాం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ మొదలైంది. అదే మన అంగన్‌వాడీ. కూలికెళ్ళే తల్లి మూడేళ్ళు దాటిన బిడ్డని అక్కడ దింపి వెళ్ళొచ్చు. ఆట, పాట, గుడ్డు, అన్నం. గర్భిణులకి, బాలింతలకి తిండి. తమ్ముణ్ణి చంకనేసుకుని బడి మానేసిన ఆ పెద్దగుంటని గుర్తు తెచ్చుకోండి. ఆ పిల్ల చేతిలోంచి తమ్ముణ్ణి తీసుకుని ఆమెని బడికి పంపిన వాటిలో అంగన్‌వాడీ ఒకటి.

కానీ ఆ కేంద్రం నడిపే ఆవిడ కూడా తల్లే. ఆవిడ బిడ్డని ఎవరు చూస్తారు? ఆవిడని ప్రభుత్వం ఉద్యోగి అనలేదు. ఇచ్చేదాన్ని జీతమని కూడా అనలేదు, గౌరవ వేతనమంది. మన రాష్ట్రంలో 2023లో అది వర్కరుకి 11,500, ఆయాకి 7,000. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా అంగన్‌వాడీ తల్లులు సమ్మెకి దిగారు. జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలు ఆపకూడదనే చట్టం అది. చూశారా, జీతం అడిగినప్పుడు అది స్వచ్ఛంద సేవ, పని ఆపినప్పుడు అత్యవసర సేవ! 42 రోజులు సాగింది ఆ సమ్మె. కూలికెళ్ళే ఇళ్ళల్లో ఆ 42 రోజులూ పసిపిల్లల్ని ఎక్కడ పెట్టాలో తెలియక తల్లులు పడ్డ అవస్థే ఆ పని విలువ ఎంతో చెప్పింది.

ఇంకొక ఖాళీ కూడా ఉంది. మంచి ఉద్యోగంలో ఉన్న తల్లికి సెలవు ఆరు నెలలు. అంగన్‌వాడీ బడిలో బిడ్డని కూర్చోబెట్టుకునేది మూడేళ్ళ నుంచి. మధ్యలో రెండున్నరేళ్ళు? పాకే వయసు, నడక నేర్చే వయసు, చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు అది. ఉయ్యాల అని అర్థం వచ్చే 'పాల్నా' పేరుతో కేంద్రం ఈమధ్య అంగన్‌వాడీల్లోనే శిశు సంరక్షణ కేంద్రాలు పెడతానంటోంది. అవి ఊరూరా వచ్చేదాకా ఆ రెండున్నరేళ్ళు అమ్మమ్మలవీ, నాన్నమ్మలవీ, ఉద్యోగం మానేసిన అమ్మలవీ.

మన గుమ్మం దగ్గర

ఇంత చెప్పుకున్నాక ఒక పని మిగిలింది. ఆ ప్రశ్నని మన ఇంట్లోకి తెచ్చుకోవాలి.

మన ఇంట్లో గిన్నెలు తోమే ఆమె కూడా పనిచేసే తల్లే. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 26 వారాలు, బిడ్డల గది, ఇవేవీ ఆమె దాకా రాలేదు. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి కనీసం 6,000 ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి బిడ్డకి 5,000 అంది.  ఆమెకి కాన్పయినప్పుడు జీతంతో సెలవు ఇవ్వగలిగిన యజమాని ఎవరు? కేంద్రం కాదు, రాష్ట్రం కాదు. మీరూ, నేనూ. ఏడో నెలలో బరువు బకెట్లు ఎత్తనివ్వకపోవడం, మూడు నెలలు జీతం ఆపకపోవడం, బిడ్డతో వచ్చినప్పుడు వరండాలో ఒక దుప్పటి పరచడం. ఇవి మన చేతిలో ఉన్న చట్టాలు. ఇద్దరు ముగ్గురు ఇళ్ళవాళ్ళు కలిసి పంచుకుంటే ఒక్కొక్కరికీ పడే భారం ఒక చీర ఖరీదు దాటదు.

రెండో మాట మన కోసం. ఉద్యోగం చేసే కోడలినీ, ఇంట్లో ఉండే కోడలినీ పోల్చి చూడటం మన కుటుంబాల్లో పెద్ద సరదా. ఒకరు పిల్లల్ని పట్టించుకోదంటారు, ఇంకొకరు ఖాళీగా ఉంటుందంటారు. పొలం గట్టు నుంచి అంగన్‌వాడీ దాకా చూసిన ఈ కథలో ఖాళీగా ఉన్న ఆడమనిషి నాకు ఒక్కరూ కనిపించలేదు. ఒకామె పనికెళ్ళిందంటే ఇంకొకామె బిడ్డని ఎత్తుకుంది. కూతురో, తల్లో, అత్తో, ఆయానో. ఆ చేతులు మారాయి గానీ దాదాపు ఎప్పుడూ ఆడచేతులే. వాటికి డబ్బు అందింది ఎక్కడో ఒకటి రెండు చోట్లే. ఇంట్లో మగవాళ్ళు కూడా ఉన్నారుగా అని ఇన్నేళ్ళలో గట్టిగా అడిగినవాళ్ళు బాగా తక్కువ. మనం కన్న కొడుకులకి అన్నం కలపడం, చంటిదాన్ని జోకొట్టడం నేర్పితే వచ్చే తరంలో ఈ కథ రాసేవాళ్ళకి కొత్త మాటలు దొరుకుతాయి.

ఈసారి మీ అమ్మమ్మ దగ్గర కూర్చున్నప్పుడు, "నువ్వు ఏ పని చేసేదానివి?" అని అడగండి. "నేనేం చేశానే, ఇంటి దగ్గరే ఉన్నాను" అంటే అక్కడ ఆగిపోకండి. ఉభాలకి వెళ్ళావా, వడికావా, పాలమ్మావా, ఎవరి పిల్లల్ని పెంచావు అని ఒక్కొక్కటే అడగండి. ఆవిడ చెప్పేవన్నీ రాసి పెట్టండి. పేరూ, ఊరూ, ఏడాదీ వేసి మరీ.